అన్న సేవ్ చేయని డిజైన్

మా అన్నకు కంప్యూటర్ బంద్ చేయడం కూడా రాదని మా చుట్టాల్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

అప్పుడు నేతవాళ్ల వాడ దాజీ పేట్‌లో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అన్న పవర్‌లూమ్ మీద, మా మాటలో సాంచా మీద, చద్దర్లు నేసేవాడు. సాంచాల మోతకు చెవులు మందగిస్తుంటే, ఆ పని మానేసి డిజైన్లు గీయాలని నా పాత ల్యాప్‌టాప్ మీద నేర్చుకున్నాడు. డిస్కులో సగం ఆయన విండోస్, సగం నా లినక్స్. ఒక కార్ఖానా షేటు ఆయన గీసిన నెమళ్ల అంచు చూసి, చద్దర్ మొత్తం గీసి తెస్తే డిజైన్ పనిలో పెట్టుకుంటానన్నాడు.

అన్న పని పూర్తయ్యేదాకా సేవ్ చేసేవాడు కాదు. నేను నేర్పిన హైబర్నేట్ నొక్కి లేచిపోయేవాడు. మళ్లీ తెరిస్తే గీసింది గీసినట్టే ఉండేది.

"సేవ్ చెయ్యన్నా" అంటే, "నేత గాకముందే బట్ట కోస్తమా తమ్మీ? సాంచా మీదున్నది సాంచా మీదనే ఉండనీ" అనేవాడు.

ఒక ఆదివారం ఆయన, వదిన భవాని పేట్‌లో పెళ్లికి పోయారు. నేనొక సినిమా దించుకోబోతే నా వైపు జాగా లేదు. ఆయన వైపు పెడదామంటే డిస్కు చదవనిచ్చింది గానీ రాయనివ్వలేదు. విండోస్ హైబర్నేట్‌లో ఉంది, ముందు దాన్ని పూర్తిగా షట్ డౌన్ చేయాలని తెర మీద వచ్చింది. ఆయన పాస్‌వర్డ్ నాకు తెలియదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నెట్‌లో వెతికితే, ఆ హైబర్నేట్ ఫైలును తీసేసి డిస్కును తెరిచే కమాండ్ దొరికింది. సేవ్ చేయని పనంతా పోతుందని దాని కిందే రాసి ఉంది. చదివాను. చదివే ఎంటర్ నొక్కాను.

సాయంత్రం అన్న ల్యాప్‌టాప్ తెరిచాడు.

"తమ్మీ, నా నెమళ్లు యాడికి పోయినయ్? పదిహేను దినాల పని!"

"మంచిగ బంద్ చెయ్యమని ఎన్నిసార్లు చెప్పిన? గట్ల చేస్తే పోవా మరి?" అన్నాను.

"సాంచా నడిపేటోళ్లకు గీ మిషన్ ఎందుకయ్యా" అని వదిన నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. మర్నాడు షేటు దగ్గరికి కాదు, సాంచాల మీదికే పోయాడు. ల్యాప్‌టాప్ మళ్లీ ముట్టలేదు.

ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినడం నా వల్ల కాలేదు. అశోక్ చౌక్ దగ్గర గది తీసుకున్నాను. పండుగలకు పిలిస్తే ఏదో ఒక పని చెప్పేవాణ్ని. కొన్నేళ్లకు పిలవడం మానేశారు. గదిలో రోజంతా నా గొంతు నాకే వినిపించకుండా గడిచిపోతుంది.

పోయిన వారం పోయి జరిగిన నిజం చెప్పాను. ఆయనకు ఇప్పుడు దాదాపు వినబడదు.

"ఏందీ?" అన్నాడు. మళ్లీ చెప్పాను.

"జోర్‌గ చెప్పురా, ఆడపిల్ల లెక్క గొణుగుతవేంది?"

మూడోసారి అరవాల్సి వచ్చేది. చాయ్ తాగి వచ్చేశాను.

అందుకే ఇది రాశాను. ఆయన మరాఠీ బడిలో చదివాడు, తెలుగు అక్షరాలు రావు. వదినే చదివి వినిపించాలి. ఆయనకు వినబడాలంటే ఆమె అరవాలి, అరిస్తే గల్లీ అంతా వింటుంది. రేపు తీసుకుపోయి ఆమె చేతికిస్తాను. చదివినంతసేపు అక్కడే కూర్చుంటాను.