అంబాసిడర్ టాంకీ కింద బట్టల సబ్బు

మా చిన్నప్పుడు ఇంట్లో పేము బెత్తం ఒకటే ఉండేది... దానికి పనులు రెండు. పగలు బడిలో మా నాన్న చేతిలో ఉండేది. పొద్దున్నే మాత్రం మా నల్ల అంబాసిడర్ పెట్రోలు టాంకీలోకి దిగేది.

కారులో పెట్రోలు చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని నాన్న బెత్తం వంచి లోపలికి దించి, తడి ఎంతవరకు అంటిందో చూసి, బ్లేడుతో గాటు పెట్టేవారు. మర్నాడు మళ్లీ కొలత. బండి గేటు దాటకపోయినా తడి గాటు కన్నా కిందే ఉండేది...

"ఎవరో తీస్తున్నారు" అనేవారు నాన్న.

మనుషులను అనుమానించడం మా ఇంటి పద్ధతి. బంకులో మీటరు సున్నా నుంచి మొదలైందో లేదో చూడటానికి నన్ను దింపేవారు. పాలు పోసేటప్పుడు అమ్మ చూపు గిన్నె మీద కాదు, పాలవాడి చేతి మీద ఉండేది. కారును మాత్రం అనుమానించడానికి వీల్లేదు. దాన్ని అమ్మినాయన మా చర్చి సంఘంలో పెద్దమనిషి, ఆదివారం ఆరాధనలో ముందు వరుస. అలాంటాయన అమ్మిన బండికి వంకా...

అప్పుడు మేం కొత్తగూడలో యాదగిరి గారింట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఒంగోలు నుంచి వచ్చిన మాకు ఇక్కడ మొదటి దిక్కు ఆయనే. వాళ్లమ్మాయి స్వరూప నా ప్రాణం... ఒకటే రిబ్బను కత్తిరించి ఇద్దరం చెరి సగం కట్టుకున్నాం.

కారు తెచ్చిన కొత్తల్లోనే ఆయన చెప్పారు. "సారూ, టాంకి జర సూపియ్యుండ్రి. వాసనొస్తున్నది."

"పెట్రోలు బండికి పెట్రోలు వాసన కాక మల్లెపూల వాసన వస్తుందా అండీ" అన్నారు నాన్న. యాదగిరి గారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత ఇంకొకటి మొదలైంది. బట్టలుతికే బండ మీద సబ్బు ఉన్నట్టుండి అరిగిపోయేది. అమ్మ నర్సు. డ్యూటీకి వెళ్లే ముందు సబ్బు మీద గోటితో గీత పెట్టి వెళ్లేది. ఇంట్లో ఒకరు పెట్రోలుకి కాపలా, ఒకరు సబ్బుకి...

ఒకరోజు తెల్లవారుతుండగా నేను వసారాలోకి వచ్చేసరికి యాదగిరి గారు కారు వెనక నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. "ఇంక పండుకో పో బిడ్డా" అన్నారు. ఒంటి నిండా పెట్రోలు వాసన. చేతిలో మా సబ్బు.

నేను పరుగున వెళ్లి నాన్నకు చెప్పాను. ఆయన నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, బడిలో అడిగినట్టే ఒక్కొక్కటీ అడిగారు. సబ్బు చూశావా? చూశాను. వాసన వచ్చిందా? వచ్చింది.

"పెట్రోలు లాగడానికి చేతిలో పైపు ఉందా?"

పైపు లేదు. కానీ నాన్న నా వైపు అంత ఆశగా చూడటం అదే మొదటిసారి...

"ఉంది నాన్నా" అన్నాను.

వారంలో ఇల్లు ఖాళీ చేశాం. యాదగిరి గారు వాదించలేదు. "నేను తియ్యలే సారూ. మీరు నమ్మకుంటె నేనేం జేస్త" అన్నారు, అంతే. సామాన్లు ఎక్కిస్తుంటే స్వరూప గుమ్మంలో నిలబడి, "మా నాయిన దొంగ అని నువ్వే జెప్పినవంట గదా" అని అడిగింది. నేను దాని రిబ్బను వైపు చూశాను గానీ ముఖం వైపు చూడలేదు.

మాదాపూర్ ఇంట్లో పెట్రోలు ఇంకా ఎక్కువ తగ్గింది. నాన్న టాంకీ మూతకు తాళం వేయించి, ఆ వీధిలో అందరినీ అనుమానించారు. చివరికి బండి మూలన పడింది.

ఇన్నేళ్లకు దాన్ని బాగుచేయించాలని నాకు బుద్ధి పుట్టింది. తెల్లాపూర్‌లో మా సెల్లారులో టార్పాలిన్ కింద పడి ఉన్న బండిని మొన్న ఒక షెడ్డుకు చేర్చాను. మెకానిక్ ఖాజా భాయ్ పెద్దాయన. తుప్పు టాంకీ మార్చి ఏ చెత్త టాంకీ బిగిస్తాడోనని ముందే మార్కర్‌తో దాని మీద గుర్తు పెట్టాను. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఆఫీసు కాల్ మ్యూట్ చేసి, ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను. ఎవరి కూతురిని మరి...

ఆయన టాంకీలో కొంచెం పెట్రోలు పోసి కిందకు వంగి చూశారు. అతుకు దగ్గర చుక్క... చుక్క...

"మేడం, బట్టల సబ్బు గావాలె."

"సబ్బు ఎందుకు?" అన్నాను. ఇదేదో కొత్త మోసం అనుకున్నాను.

ఆయన పక్క కొట్టు నుంచి సబ్బు తెచ్చుకుని, కారు కింద వెల్లకిలా పడుకుని, చిల్లు మీద గట్టిగా రుద్దారు. చుక్క ఆగిపోయింది.

"గిది పాత ఇలాజ్ మేడం, చిల్లుకు మందు. టాంకి ఇప్పేదాంక ఆగుతది. ఇప్పకుంటె రెండు దినాలకొకపారి రుద్దాలె."

"రుద్దకపోతే?"

"ఇగ పెట్రోలంత మట్టి తాగుతది."

నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. కొత్తగూడ ఇంటి ముందు అంతా మట్టే... చెబితే మా నాన్న వినరని, రోజు విడిచి రోజు పొద్దున్నే మా బండి కింద పడుకున్నారు ఆ మనిషి. సిగ్గేసింది. ఖాజా భాయ్ టీకి వెళ్లినప్పుడు పెట్రోలు గుడ్డతో నా మార్కర్ గుర్తు తుడిచేశాను.

సాయంత్రం ఇంటికి రాగానే, ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న నాన్నకు చెప్పాను. "యాదగిరి గారు పెట్రోలు తీయలేదు నాన్నా. చిల్లుకు సబ్బు రుద్దేవారు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"మరి నువ్వు చూసిన పైపు ఏంటమ్మా?"

లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను... పైపు లేదు. ఎప్పుడూ లేదు.

కొత్తగూడలో ఆ ఇల్లూ లేదు, ఆ మట్టీ లేదు. ఇప్పుడు మా సెల్లారులో ప్రతి స్తంభానికీ కెమెరా ఉంది, అడక్కుండా మన బండి కింద పడుకునే మనిషే లేడు... యాదగిరి గారి స్వరూప మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. చిన్నప్పుడు మీరూ చూడనిది చూశామని చెప్పి ఉంటే, కింద కామెంట్లలో రాయండి. నేను తర్వాత చదువుతాను. నాన్న ఇంకా హాల్లోనే కూర్చుని ఉన్నారు.