వడ్లకు ముందు పెట్టిన రాయి

ఆ సాయంత్రం రోడ్డు మీద నా వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లన్నీ తీసేశాననుకున్నాను. ఒకటి మిగిలిపోయింది. అది మరుపు. ఆ తర్వాత చేసింది మాత్రం తెలిసి చేసిందే. దాన్ని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరు బాన్సువాడ నుంచి బిచ్కుంద పోయే రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. ఎండాకాలం యాసంగి పంట కోతలు మొదలైతే ఆ రోడ్డులో సగం మాదే. మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు, అంటే తూకం వేయరు. ఆరబెట్టడానికి అందరికీ కల్లాలు లేవు. ఉన్న కల్లాలకూ తారు రోడ్డంత వేడి ఉండదు. అందుకని రోడ్డుకు ఒక పక్క పొడుగునా వడ్లు పోసి, కాళ్లతో చాళ్లు తీస్తూ ఆరబెడతాం. బండ్లు వడ్ల మీదికి ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పేరుస్తాం. కాలువ కట్ట కింద దొరికే తలకాయంత రాళ్లు.

ఇది తప్పని తెలియక చేసే పని కాదు. నేనూ రోజూ మోటార్ సైకిల్ మీద తిరిగేవాడినే. ఎదురుగా చెరుకు ట్రాక్టర్ వస్తుంటే, మిగిలిన సగం రోడ్డులో దానికీ రాళ్లకూ మధ్య నుంచి బండిని ఎలా పోనివ్వాలో, పక్కకు చిందిన వడ్ల మీద బ్రేక్ పడితే వెనక చక్రం ఎటు పోతుందో నాకు బాగా తెలుసు. వేరే ఊరివాళ్ల వడ్లు అడ్డమొచ్చినప్పుడు, "రోడ్డేమన్న మీ అయ్య జాగీరా" అని గొణుక్కుంటూ పోయేవాణ్ని. మా ఊరి పొలిమేరలోకి వచ్చేసరికి ఆ మాట నా నోట్లోనే మిగిలిపోయేది.

మాకు ఇంకో అలవాటు ఉంది. వడ్లు మొదలయ్యే చోటికి ఇరవై ముప్పై అడుగుల ముందే ఒక పెద్ద రాయి పెట్టి, దాని పక్కన ఒక వేప కొమ్మ నిలబెడతాం. వచ్చే బండివాళ్లు దాన్ని చూసి ముందుగానే పక్కకు జరుగుతారని. మంచికే పెట్టే రాయి అది. వడ్లు ఎత్తేటప్పుడు అంచు రాళ్లు కాళ్లకు తగులుతుంటాయి కాబట్టి వాటిని తీయక తప్పదు. దూరంగా ఉన్న ఆ ఒక్కదాన్ని మాత్రం గుర్తు పెట్టుకుని నడిచి వెళ్లి తీయాలి.

ఆ రోజు మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. అదే సమయానికి నా వంతు వచ్చిందని కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు పోకపోతే మళ్లీ ఎన్ని రోజులు కూర్చోవాలో తెలియదు. నేనూ నా భార్యా, ఇద్దరు కూలీలూ కలిసి గోనె సంచులు నింపి ట్రాక్టర్‌లో వేశాం. అంచు రాళ్లు తలా కొన్ని తీసి పక్కకు విసిరేశాం. వేప కొమ్మను పొద్దున్నే మేకలు లాక్కుపోయాయి. కొమ్మ లేని రాయి నా కంట పడలేదు. ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయాను.

కాంటా ముగించుకుని ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. వడ్ల మీద కప్పే పరదాలు రోడ్డు పక్కన మడిచి పెట్టి ఉంటే, తెచ్చుకుందామని బండి తీశాను. దగ్గరికి పోతుంటే, రోడ్డు మీద ఒక మోటార్ సైకిల్ పక్కకు ఒరిగి పడి ఉంది. దాని లైటు వెలుతురు కోసిన పొలంలోకి పడుతోంది. మా పక్క పొలం రైతు ఒక మనిషిని భుజాలు పట్టి కూర్చోబెడుతున్నాడు. అటుగా వచ్చిన ఆటో అతను ఆటో ఆపి దిగుతున్నాడు.

పడిన మనిషి నాకు తెలిసినవాడే. బాన్సువాడలో మా ఇళ్ల ఆడవాళ్ల జాకెట్లు కుట్టే టైలర్. బిచ్కుందలో ఒక పెండ్లింటికి కుట్టిన బట్టలు ఇచ్చి, బిగువైనవి సరిచేయడానికి వెనక్కి తెస్తున్నాడు. సంచి చినిగి, రంగురంగుల జాకెట్లు గడ్డిలో, తారు మీద పడి ఉన్నాయి. కుడికాలు చీలమండ దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంది. దాన్ని ముట్టుకోనివ్వడం లేదు.

"పెండ్లింటి నుంచి వస్తుండు, ఇగ చెప్పేదేముంది?" అన్నాడు పక్క పొలం రైతు నా వైపు చూసి. "నాలుగు చుక్కలు పడ్డట్టున్నయి."

"ముట్టలే పటేలా!" టైలర్ నొప్పితోనే అరిచాడు. "రెండేండ్లాయె ముట్టక. రాయి తగిలింది. గీడనే ఉన్నది, చూడుండ్రి."

రాయి వాళ్ల వెనక, నాకు రెండు అడుగుల దూరంలో ఉంది. బండి చక్రం తగిలి రోడ్డు అంచుకు దొర్లింది. వాళ్ల చూపు ఇంకా దాని మీద పడలేదు. నేను ఏమీ ఆలోచించలేదని చెబితే అబద్ధం అవుతుంది. ఊళ్లో మాట పడాలి, పోలీసులు రావచ్చు, ఎన్నాళ్లు తిరగాలో అని అంత తక్కువ సేపట్లోనే ఆలోచించాను. కాలితో రాయిని ఒక్క నెట్టు నెట్టాను. అది వాలు మీదుగా కింద గుంతలోని గడ్డిలోకి పోయింది. చప్పుడు కూడా కాలేదు.

ఆటో అతను ఫోన్ లైటు వేసి అటూ ఇటూ వెతికాడు. "ఏడున్నదే? రాయి లేదు, రప్ప లేదు. కల్లు కుండ తగిలిందేమో యాది చేసుకో, కాకా" అన్నాడు. పక్క పొలం రైతు నవ్వాడు.

టైలర్ నా వైపు తిరిగాడు. "నువ్వన్న చూసినవా పటేలా?"

"నాకేం కనబడలే" అన్నాను.

ఆటోలో ఆయన పక్కన కూర్చుని, కాలు కదలకుండా నా ఒడిలో పట్టుకుని బాన్సువాడ దవాఖానకు తీసుకెళ్లింది నేనే. దారిలో ఆయన నాకు దండం పెట్టాడు. దవాఖాన వరండాలో ఆయన భార్య ఎదురొచ్చింది. ఆమె ముందు కాలు చూడలేదు. ముఖం దగ్గరికి వంగి వాసన చూసింది. మందులు, రక్తం వాసనలో ఆమెకు ఏమి తెలిసిందో నాకు తెలియదు.

"మల్ల తాగినవా?"

"పిల్లల మీద ఒట్టు. రాయే."

ఆమె నా దగ్గరికి వచ్చింది. "అన్నా, దేవునోలె తీస్కొచ్చినవ్. జెర నిజం చెప్పు. గాడ రాయి ఉండెనా?"

"నేను వచ్చేటాల్లకు ఏం లేకుండెనమ్మా" అన్నాను. ఇంకొకసారి అబద్ధం చెప్పడం మొదటిసారి కంటే తేలిగ్గా ఉంది. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

రోడ్డు మీద వదిలేసిన బండినీ పరదాలనూ తీసుకుని ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. నా భార్య పరదాలు లెక్క చూస్తూ అడిగింది, "టైలరన్న మనకాడనే పడ్డడంట కదా?"

"ఔను. తాగి పడ్డడంటున్నరు."

ఆమె చేతిలోని పరదా కింద పెట్టింది. తర్వాత, "ముందట పెట్టిన రాయి తీసినవా?" అంది. "కాలువ కాడికెల్లి నేనే మోసుకొచ్చిన గా రాయి. నేనైతే తియ్యలే."

నేను తల ఎత్తలేదు. ఆమెకు అర్థమైంది. మరుసటి రోజు నుంచి నాతో పని మాటలే మాట్లాడింది.

టైలర్ కాలికి ఆపరేషన్ అయింది. సిమెంట్ కట్టుతో ఇంటికి వచ్చాడు. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. భార్య కాజాలు, గుండీలు కుడుతుంది, ఆయన మిషన్ తొక్కుతాడు. రెండేళ్ల క్రితం వరకు ఆయన బాగా తాగేవాడని అందరికీ తెలుసు. మానేసినప్పుడు ఆమె, ఇంకొక్కసారి ముట్టావంటే పిల్లలను తీసుకుని మద్నూర్‌లో తమ్ముడి ఇంటికి పోతానని చెప్పిందట. అన్నంత పనీ చేసింది. ఆయన గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, వంట చూసుకోవడానికి ఆయన అక్కను పిలిపించి, పిల్లలతో బస్సెక్కింది.

ఈ సంగతి కేంద్రం దగ్గర చెప్పింది పక్క పొలం రైతే. "నేనన్న కదా తాగిండని. పెండ్లానికి తెల్వదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను మిగిలిన వడ్ల సంచి మూతి కుడుతూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం నా భార్య నాతో పని మాట కాని మాట మాట్లాడింది. "గామె పోయిందంట. ఇంకా ఎన్ని దినాలు మూసుకొని కూసుంటవ్?"

మర్నాడు పొద్దున్నే టైలర్ ఇంటికి వెళ్లాను. మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. నన్ను చూసి, "రా పటేలా, కూసో. అక్కా, చాయ్ పెట్టు" అన్నాడు. చాయ్ రాకముందే చెప్పేశాను. రాయి నాది. నేనే మరిచిపోయాను. నేనే కాలితో గుంతలోకి నెట్టాను. నువ్వు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను.

తిడతాడనుకున్నాను. ఆయన కాలి కట్టు మీద చెయ్యి వేసుకున్నాడు.

"పన్నెండు దినాలాయె పటేలా," అన్నాడు. "అందరు లేదు లేదు అంటుంటే నాకే అనుమానమొచ్చింది. నిజంగనే రాయి లేదేమో, నేను తాగిన్నేమో, తాగింది యాది లేదేమో అని. రాత్రిళ్లు గదే ఫికర్."

నేను చేతులు జోడించాను. ఆయన విసుక్కున్నాడు.

"నాకు చెప్తే ఏమొస్తది? నాకు తెల్సు కదా. గామెకు చెప్పు పో."

అటు నుంచి అటే బండి తిప్పాను. బిచ్కుంద దాటి మద్నూర్ వరకు ఆ దారిలో ఎన్నోసార్లు వెళ్లాను. అయితే ఆ రోజు వెళ్లినంత నెమ్మదిగా ఎప్పుడూ వెళ్లలేదు. ఒక చోట ట్రాక్టర్ చక్రాలు వదిలిన బురద పెళ్లలు ఎండి గట్టిపడ్డాయి. ఇంకో చోట ఎవరో వడ్లు ఎత్తుకుపోయి రాళ్లు వరుసగా అలాగే వదిలేశారు. బండి ఆపి వాటిని తీసి గట్టుకు వేశాను. వెనక ఒక లారీ హారన్ కొడుతూనే ఉంది. హైవే ఎక్కాక లారీ టైరు పేలికలు పాముల్లా పడి ఉన్నాయి. వాటిని తప్పించబోయే ప్రతిసారీ వెనక నుంచి వచ్చే లారీ గాలి బండిని ఊపేసేది. చీకటి పడే వేళ, ఒక చేత్తో సంచి సర్దుకుంటూ వచ్చే మనిషికి ఈ దారి ఎలా ఉంటుందో అప్పుడు ఆలోచించాను. ఆలోచించాల్సింది వడ్లు పోసిన రోజు.

మద్నూర్‌లో తమ్ముడి ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ఆమె గుమ్మంలో పప్పు చెరుగుతోంది. "అన్నా, నువ్వేంది గిట్లొచ్చినవ్? ఆయనకేమన్న అయిందా?" అని చేట పక్కన పెట్టి లేచింది.

నిలబడే చెప్పాను. సగం చెప్పేసరికి తమ్ముడు లోపలి నుంచి వచ్చాడు. పూర్తిగా విన్నాక నా చొక్కా పట్టుకున్నాడు. "మా బావ కాలు ఇరగ్గొట్టి, పైనుంచి తాగుబోతని పేరు పెట్టిచ్చినవా? కేసు పెడత నీ మీద."

"పెట్టు బిడ్డా. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్త" అన్నాను. తప్పించుకోవడానికి అన్న మాట కాదు అది. అతను చొక్కా వదిలేశాడు.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. "నేను ఆయన నోరు వాసన చూసిన," అంది నెమ్మదిగా. "అందరి ముందట. నొప్పితోని అరుస్తుంటే నోరు వాసన చూసిన."



"కేసు నాకెందుకు," అంది మళ్లీ. "కేసుతోని కాలు వస్తదా? నాకు చెప్పినవ్, సరే. నవ్వినోళ్లు మస్తుమంది ఉన్నరు పటేలా. వాళ్లకు ఎవరు చెప్తరు?"

"నేనే చెప్త."

"చూస్త" అంది.

మరుసటి రోజు కేంద్రం దగ్గర, కాంటా నడుస్తుండగా, పక్క పొలం రైతు ఉండగానే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకతను మాత్రం, "నువ్వు చెప్పకపోతే ఎవనికి తెలుస్తుండె?" అని అడిగాడు. పక్క పొలం రైతు నన్ను రెండు మూడు రోజులు పలకరించలేదు. ఆటో అడ్డాకు కూడా పోయి, ఆ రోజు కల్లు కుండ మాట అన్న అతనికి చెప్పాను. అతను తల గోక్కుని, "నేనే గుంతలకు లైటు కొట్టాల్సుండె" అన్నాడు. అతను తనను తాను తప్పుపట్టుకోవడం కూడా నా తప్పులోదే.

ఆ వారమే టైలర్ భార్య పిల్లలతో తిరిగి వచ్చింది. నేను వెళ్లేసరికి టైలర్ మిషన్‌ను మంచం పక్కకు జరిపించుకుని, ఎడమ కాలితో తొక్కడానికి ప్రయత్నిస్తున్నాడు. కుట్టు వంకరగా పోతోంది. ఆమె పక్కన కూర్చుని ఊడదీస్తోంది. నన్ను చూసి లేచి, మూలనున్న సంచి తెచ్చి నా ముందు పెట్టింది. పడిన రోజు రోడ్డు మీద చెదిరిన జాకెట్లు. ఉతికి, సరిచేసి, ఒక్కోదానికి చీటీ కట్టి ఉన్నాయి.

"బండి నడిపేటోడు మంచంల ఉన్నడు," అంది. "ఎవరియి వాళ్లకు చేర్చాలె."

ఆయన కట్టు విప్పి, మళ్లీ బండి ఎక్కగలిగే వరకు ఆ పని నేనే చేశాను. పొద్దున పొలం చూసుకుని, మధ్యాహ్నం సంచి తీసుకుని బయలుదేరేవాణ్ని. బిచ్కుంద, రుద్రూర్, మధ్యలోని ఊళ్లు. కొత్త బట్ట తెచ్చి ఇచ్చేవాణ్ని, కుట్టినవి తీసుకెళ్లేవాణ్ని. గుమ్మంలో సంచి దించగానే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే అడిగేవారు: టైలర్ తాగి పడ్డాడట కదా అని. కాదని చెప్పి, ఎలా పడ్డాడో, రాయి ఎవరిదో, దాన్ని గుంతలోకి ఎవరు నెట్టారో మొదటి నుంచి చెప్పేవాణ్ని. కొందరు నీళ్లు ఇచ్చేవారు. కొందరు జాకెట్లు తీసుకుని తలుపు వేసుకునేవారు.