మా ఆయనా, గాలి బంతీ

మా ఆయన్ని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. గాలన్న అంటారు. ముప్పై ఏళ్ళుగా పంక్చర్లు వేస్తూ, టైర్లకి గాలి కొడుతూ బతికిన మనిషికి ఇంకేం పేరొస్తుంది చెప్పండి? లారీల వాళ్ళు, ఆటోల వాళ్ళు, బడికెళ్ళే సైకిళ్ళ పిల్లలు, అందరూ ఆయన దగ్గరికే వస్తారు. షాపులో ఆయన చెయ్యి ఊరుకోదు. ఇంట్లో మాత్రం పూచికపుల్ల కూడా అటుది ఇటు పెట్టడు, అది వేరే సంగతి.

నేను నోరున్న దాన్ని, ముందే చెప్తున్నా. ఆయన వంతు మాటలు కూడా నేనే ఆడేస్తాను. చిన్నపిల్లల బడిలో ఆయాగా చేస్తాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక గదినిండా పిల్లల్ని వరసగా పడుకోబెట్టి జోకొట్టడం నా పని. అంతమందిని పడుకోబెట్టేదాన్ని, ఒక్క మొగుణ్ణి ఒక బంతి మీద పడుకోబెట్టలేక నానా అవస్థా పడ్డాను. ఆ గొడవే ఇది.

ఒకరోజు లారీ చక్రం ఎత్తబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఇద్దరు డ్రైవర్లు చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తెచ్చారు. డాక్టరు ఫోటోలు తీయించి, వెన్నులో పూస పక్కకి తప్పుకుందన్నాడు. కొన్నాళ్ళు మంచం మీద పడుకోబెట్టి, ఆ తర్వాత వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి పంపించాడు. మా అమ్మాయి వయసే ఉంటుంది ఆ పిల్లకి. మొహమాటం లేకుండా చెప్పేసింది.

"ఇవి రోజూ చేస్తే మళ్ళీ షాపుకెళ్తారు బాబాయ్. చెయ్యకపోతే ఈ పని మర్చిపోండి. కూర్చుని చేసే పనేదైనా వెతుక్కోండి."

ఆ మాటకి మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కూర్చుని చేసే పని ఆయనకేం వచ్చు? మీసం మొలవకముందు నుంచీ ఆ టైర్ల మధ్యే పెరిగాడు. షాపు లేకపోతే ఈ మనిషి మనిషిగా మిగలడని నాకు అప్పుడే తెలిసిపోయింది.

డాక్టరమ్మ ఒక పెద్ద గాలి బంతి దొర్లించుకొచ్చి, దాని మీద తనే బోర్లా పడుకుని చూపించింది. చేతులు నేల మీద, ఒళ్ళు కర్రలా తిన్నగా. తర్వాత వెల్లకిలా. తర్వాత దాని మీద కూర్చుని ఒక్కో కాలూ ఎత్తడం. మా ఆయన తలుపు దగ్గరే నిలబడి చూశాడు. "ఏదీ, మీరు రండి" అంటే, "ఇంటి దగ్గర చేస్తానమ్మా" అన్నాడు. ఆడపిల్ల ముందు సిగ్గు కాబోలనుకుని నేనే సర్దిచెప్పాను.

అలాంటి బంతే నీలం రంగుది కొనుక్కొచ్చాం. అట్టపెట్టెలో మడతపెట్టి ఉంది, దానితోపాటే కాలితో తొక్కే పంపు. "గాలి నేను కొడతాను, నువ్వు ముట్టుకోకు" అన్నాడు. ఇన్నాళ్ళకి ఒక పని నాది అన్నాడు కదా అని నేను మురిసిపోయాను. తొక్కాడు, ఆగాడు, బొటనవేలితో నొక్కాడు, మళ్ళీ కాస్త తొక్కాడు, బిరడా పెట్టేశాడు. చూస్తే అది కలిపి వదిలేసిన పిండిముద్దలా నేలకి అంటుకుపోయి ఉంది.

"ఇంతేనా?"

"ఇంతే చాలు."

గాలి సంగతి ఆయనకి నేను చెప్పేదేముంది? తాతకి దగ్గులు నేర్పినట్టుంటుంది. ఊరుకున్నాను.

పాపం, రోజూ చేశాడు. దాని మీద పడుకుంటే అది చప్పగా అణిగిపోయి, పరుపు మీద పడుకున్నట్టే ఉండేది. కూర్చుంటే మోకాళ్ళు చెవుల దగ్గరికొచ్చేవి. వారాలు గడిచాయి గానీ నడుం మాత్రం ఎక్కడిదక్కడే. చెప్పులు నేనే తొడిగేదాన్ని. సాయంత్రాలు మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, దించిన షట్టరు ముందు అరుగు మీద కూర్చుని వచ్చేవాడు. ఎవరో లారీ అతను, "అన్నా, ఎప్పుడు తెరుస్తావు? బయట కొట్టించుకుంటే తృప్తిగా లేదు" అన్నాడట. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ వంగమంది. వంగలేదు. పక్కకి తిరగమంది. మూలిగాడు. ఆ పిల్లకి అనుమానం వచ్చి, "పిన్నీ, బంతి ఎంత ఎత్తుంది? ఆయన కూర్చుంటే తొడలు నేలకి సమంగా ఉంటున్నాయా?" అనడిగింది.

"సమమా? మా ఆయన దాని మీద కూర్చుంటే కప్పలా ఉంటాడమ్మా!"

ఆ పిల్ల పకపకా నవ్వి, ఆనక విడమరిచి చెప్పింది. బంతి బిగువుగా ఉంటేనే కదులుతుందట. దాన్ని కదలకుండా ఆపడానికే నడుం పనిచేస్తుందట. మెత్తగా ఉంటే నడుముకి పనే ఉండదు, నిద్రపోతుంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీద బొమ్మ చూస్తున్నాడు.

ఇంటికి రాగానే నేనే పంపు తొక్కాను. బంతి నున్నగా, గుండ్రంగా, చూడముచ్చటగా తయారైంది. మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే మళ్ళీ పిండిముద్ద.

"ఇదేంటయ్యా?"

"లీకేమో" అన్నాడు.

ఊరందరికీ పంక్చర్లు వేసేవాడి ఇంట్లో బంతికి లీకా! ఎవరన్నా వింటే నవ్విపోరూ? మళ్ళీ గాలి కొట్టి, షాపులో ఆయన చేసేట్టే సబ్బునురగ కలిపి బంతంతా రాశాను. ఒక్క బుడగ రాలేదు. బిరడా చుట్టూ రాశాను. అక్కడా లేదు. మర్నాడు సాయంత్రానికి మళ్ళీ అణిగిపోయింది. అప్పుడు నాకు వెలిగింది, దొంగ ఇంట్లోనే ఉన్నాడని. ఇలా కొన్నాళ్ళు సాగింది. నేను పొద్దున్నే నింపడం, నేనటు వెళ్ళగానే ఇటు ఖాళీ కావడం.

ఒకరోజు బడి ఒంటిపూటే ఉంటే త్వరగా వచ్చాను. తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన నిలబడి, బంతిని కాలితో గోడకి ఆనించి, చెయ్యి బారుగా చాపి బిరడా లాగుతున్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు. తుస్సుమంటూ గాలి పోతోంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఓహో! ఇదా సంగతి! నేనక్కడ పిల్లల ముక్కులు తుడిచి తుడిచి వచ్చి, ఇక్కడ పంపు తొక్కి తొక్కి చస్తుంటే, నువ్వు చేసే నిర్వాకం ఇదా? షాపు తెరవాలని లేదా నీకు? ఇంట్లో కూర్చోవడం మరిగావా? ఉన్నమాట చెప్పు!"

"తెరవాలనే ఉందే" అన్నాడు.

"మరి?"

మెల్లగా బయటికి జారుకోబోయాడు. నేనూ ఊరుకోలేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. "చెప్పేదాకా లేవను" అన్నాను. మంచం మీద కూర్చున్నాడు. ఆ తర్వాత, పెళ్ళైనప్పట్నుంచీ ఎన్నడూ అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడని మనిషి, మాట్లాడాడు.

ఆయన ఒక మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ మేస్త్రి టైరు పేలి చనిపోయాడని నాకు తెలుసు, అంతవరకే. మిగతాది ఆ రోజు చెప్పాడు. పనిలో చేరిన మొదటి రోజే మేస్త్రి చెప్పాడట: గాలి ఎక్కుతున్నప్పుడు టైరుకి ఎదురుగా ఉండకురా, పక్కన నిలబడు, నీ కన్నతండ్రి పిలిచినా ఎదురుగా రాకు. అలా చెప్పిన మనిషే ఒకరోజు వాల్వు మూత దొర్లిపోతే తీసుకుందామని ఎదురుగా వంగాడు. లారీ టైరు. రిమ్ము మీది ఇనప రింగు ఎగిరొచ్చింది.

"నేను పక్కనే ఉన్నానే" అన్నాడు. "నా ఒంటి మీద గీత కూడా పడలేదు. అప్పట్నుంచీ ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడలేదు. టైరు లోపల దారం ఉంటుంది, ఇనప తీగ ఉంటుంది. అంత గట్టిదే పేలింది. దీనికేముంది, ఉత్త రబ్బరు పొర! ఎంత గాలుందో చూద్దామంటే గేజీ పెట్టే దారి కూడా లేదు. తీసుకొచ్చి గుండెల కింద పెట్టుకోమంటే ఎలా పెట్టుకోను?"

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, ఇంత భయం మోస్తున్నాడని పసిగట్టలేకపోయానే అని ఏడుపొచ్చింది.

"ఆ అట్టపెట్టె మీద రాశారు కదయ్యా, ఇది పేలదట. చిల్లు పడ్డా గాలి మెల్లగా పోతుందట" అన్నాను.

"అమ్మేవాళ్ళు వంద చెప్తారు."

కానీ బడిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. జారుడుబల్ల ఎక్కడానికి భయపడే పిల్లతో "ఏం కాదు, ఏం కాదు" అని ఎంతసేపు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మనం ఎక్కి జారి చూపించాలి. ఇంత ఒళ్ళేసుకుని నేను ఎన్నిసార్లు జారానో! తాడో పేడో తేల్చేద్దామనుకున్నాను.

మర్నాడు సెలవు. కొంగు దోపుకుని పంపు తొక్కాను. కూర్చుంటే తొడలు నేలకి సమంగా వచ్చేంత ఎత్తు అయ్యేదాకా తొక్కాను. ఆయన తలుపు దగ్గర నిలబడి, పాముని చూసినట్టు చూస్తున్నాడు.

"ఎందుకే అది?"

"నా నడుం కూడా నొప్పిగా ఉంది" అని, దాని మీద బోర్లా పడుకున్నాను.

ఆయనకి రెండింతలుంటాను నేను. బంతి కిర్రుమంది. ఆయన "దిగవే!" అని కేకేశాడు.

"దిగను. నువ్వెక్కుతానంటేనే దిగుతా."

"హాస్యాలొద్దు. పక్కకి దిగు!"

"అబ్బే, హాయిగా ఉంది" అని అటూ ఇటూ ఊగాను. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. ఆయన చెప్పినదంతా విన్నాక ఎవరికి ఉండదు? ఇంతలో నా కాలు జారి బంతి ముందుకి దొర్లింది. గచ్చుకి రాసుకుని కీచుమని పెద్ద చప్పుడు చేసింది.

అంతే. ఆయన ఎలా వచ్చాడో తెలీదు. నెలల తరబడి వంగనివాడు, గది ఆ చివర నుంచి వచ్చి, నా ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో నా భుజాలు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన రొమ్ము బంతికి ఆనుకుంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆయన ఊపిరి నా మొహానికి తగులుతోంది. అలా ఎంతసేపున్నామో. బంతికి ఏం కాలేదు. చూశావా, నే చెప్పలేదూ, అని దెప్పుదామనుకున్నాను గానీ, ఎన్నడూ మూతపడని నా నోరు ఆ వేళ పెగల్లేదు.

మెల్లగా కిందకి దిగాను. ఆయన లేవబోయి "అమ్మా" అని ఆగిపోయాడు. నడుం పట్టేసింది. పట్టుకోవడానికి దగ్గర్లో ఆ బంతి తప్ప ఇంకేం లేదు. ఒక చెయ్యి వేశాడు, రెండో చెయ్యి వేశాడు, బరువంతా దాని మీద వాల్చాడు.

"అలాగే ఉండు" అన్నాను. "లేవకు. అలాగే."

ఒళ్ళంతా చెక్కలా బిగదీసుకుని ఉన్నాడు. వీపు మీద చెయ్యి వేసి, బడిలో పిల్లల్ని జోకొట్టినట్టే మెల్లగా తట్టాను.

"పడిపోను కదా?" అన్నాడు.

"పడితే నా మీదే పడతావు. బోలెడంత మెత్తగా ఉంటుంది."

నవ్వాడు. ఆయన నవ్వుతుంటే బంతి కూడా ఆయన కింద కదిలింది. దానికీ భయపడలేదు.

ఒక్కరోజులో అయిపోయిందంటే అబద్ధం. చాలా రోజులు పక్కన నేనుంటేనే ఎక్కేవాడు. రెండు చేతులూ నేలకి ఆనించి, పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ చేసేవాడు. తర్వాత నేను వంట చేసుకుంటుంటే ఒక్కడే చేశాడు. చివరికి డాక్టరమ్మ వంగమంటే వంగి, గొంతుక్కూర్చుని, ఏ ఆసరా లేకుండా లేచాడు. "ఇంకేం బాబాయ్, వెళ్ళి షాపు తెరుచుకోండి" అంది ఆ పిల్ల. బరువులు మాత్రం ఒక్కడే ఎత్తొద్దంది.

తెరిచే ముందురోజు ఇద్దరం వెళ్ళి షాపు ఊడ్చాం. ఆయన పీట మీద కూర్చుని పనిముట్లకి తుప్పు తుడుస్తున్నాడు. మొహం కళకళలాడుతోంది. మంచి సమయం చూసి, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాట అడిగాను.

"ఏమయ్యా, పక్కనే నిలబడాలి, ఎదురుగా రాకూడదు అంటావు కదా. ఆ రోజు అది పేలుతుందనే అనుకున్నావు కదా. మరి ఎదురుగా ఎందుకొచ్చావు?"

తల కూడా ఎత్తలేదు.

"అది కూడా అడగాలా?" అని విసుక్కున్నాడు. "నువ్వు పోయాక పక్కన నిలబడి నేనేం చెయ్యను?"