జేబులో నందివర్ధనాలు

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత నేను పుట్టానని మా అమ్మ అనేది. పెళ్లయ్యాక ఆ మాట అనే పని మా ఆయన తీసుకున్నారు. అయితే ఆ వేసవిలో మాత్రం నాకు అనుమానం ఊరికే రాలేదు, సాక్ష్యాలతో సహా వచ్చింది.

మా ఆయన గాజువాక దగ్గర ఓ చిన్న ఫౌండ్రీలో ఫర్నేస్ మనిషి. ఇనుము కరిగి పోతకు సిద్ధమైందో లేదో రంగు చూసి చెప్పాలి. ఏళ్ల తరబడి అదే పని. కంచరపాలెం నుంచి రోజూ బండి మీద వెళ్లే మనిషి ఉన్నట్టుండి బండిని మూల పెట్టి బస్సెక్కడం మొదలుపెట్టారు. అడిగితే పెట్రోలు దండగన్నారు. ఫోన్‌ని ముక్కుకు ఆనించుకుని చూసేవారు, నాకు కనపడకూడదనేగా! సాయంత్రం ట్యూబులైటు వేస్తే కసిరేవారు. గుమ్మంలో స్టూలు తన్నుకుంటే తాగొచ్చారేమోనని నోరు వాసన చూశాను. టీ వాసన తప్ప ఏమీ లేదు.

తర్వాత ఒకరోజు చొక్కా ఉతకబోతే జేబులో వాడిపోయిన నందివర్ధనం పూలు దొరికాయి. మల్లెలైతే నాకోసం తెచ్చి మరిచిపోయారనుకుందును. ఇవి వాసన కూడా అంతంత మాత్రమే. ఎవరికిస్తున్నట్టు? ఎవరిస్తున్నట్టు? ఇచ్చేది కూడా పిసినారిదే అనుకున్నాను.

ఆ ఆదివారం డ్యూటీ ఉందన్నారు. ఆదివారం ఫర్నేస్ ఎవడు వెలిగిస్తాడు? వెనకే బయల్దేరాను. బస్టాపులో జనం మధ్య కొంగు తల మీదికి లాక్కుని నిలబడ్డాను. ఆయన అటూ ఇటూ చూసి సరాసరి నా ముందుకే వచ్చారు. దొరికిపోయాక ఇక తగ్గేదేముంది, ఇక్కడే తేల్చేద్దామని నోరు తెరవబోయాను.

“అమ్మా, ఆ వచ్చీ బస్సు గాజువాకదేనేటమ్మా?” అన్నారు.

ఎగతాళి అనుకున్నాను. ముఖంలో ఎగతాళి లేదు. పరాయి ఆడమనిషితో మాట్లాడేటప్పుడు ఉండే బెరుకుంది. అవునని తల ఊపాను. ఆయన ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. నాకు భయమేసింది.

“నాను,” అన్నాను.

గొంతు గుర్తుపట్టి బిగుసుకుపోయారు. బస్సు వెళ్లిపోయాక మెల్లగా అన్నారు: “ఎవులికీ సెప్పకే. కళ్లు అగుపడ్డంలేదని తెలిస్తే పన్లోంచి తీసేత్తారు.”

“మరి ఆ పూలేటి?”

“కళ్లకి వేడి కొట్టీసిందే. ఫౌండ్రీ ఎనక నందివర్ధనం సెట్టుంది. ఆ పూలు కళ్ల మీదెట్టుకుని కాసేపు తొంగుంటే సలవ సేత్తాదని... ఈయేల డ్యూటీ లేదు. ఆ పూల కోసవే యెల్తన్నాను.”

మర్నాడు ఆయన్ని కంటి ఆస్పత్రికి లాక్కెళ్లాను. అనుమానం పెనుభూతమంటారు గానీ, ఆ భూతమే లేకపోతే ఆయన ఇంకా పూలు పెట్టుకుని పడుకునేవారు. పరీక్ష చేసిన డాక్టరమ్మ రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయంది.

“కంటి లోపల కటకం ఉంటుంది, అదంతా ప్రోటీన్ పోగులే. ఆ పోగులు పద్ధతిగా మడతపడి, వరసగా సర్దుకుని ఉన్నంతకాలం వెలుతురు అద్దంలోంచి వెళ్లినట్టు వెళ్తుంది. ఏళ్ల తరబడి కొలిమి వేడి తగిలితే మడతలు విడిపోయి ఒకదానికొకటి చిక్కుపడతాయి. తెల్లసొన ఉడికి తెల్లబడినట్టే. వయసు, ఎండ, షుగరు కూడా ఇదే పని చేస్తాయి. మీకు వేడి తొందరపెట్టింది. రక్షణ అద్దాలు పెట్టుకోరా?”

“పెట్టుకుంటే రంగు తెలీదండి. నుదుటి మీదికి తోసీసీవోణ్ణి,” అన్నారాయన.

“సలవ సేత్తే తగ్గదాండి?” అని నేనడిగాను.

“తగ్గదమ్మా. కటకం తీసి కొత్తది పెట్టాలి. చూపొచ్చాక పనికి వెళ్లొచ్చు, అద్దాలు మాత్రం తీయకూడదు.”

ఆపరేషన్ అనగానే నాకు డాక్టరమ్మ మీద కూడా అనుమానం వచ్చింది. ఇంటికొచ్చి పెనం మీద గుడ్డు కొట్టాను. నీళ్లలా ఉన్న సొన అంచుల నుంచి తెల్లబడింది. వెంటనే స్టవ్ ఆపి, గుడ్డుని పళ్లెంలోకి తీసి, ఫ్యాన్ కింద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను. పూర్తిగా చల్లారింది. తెలుపు తెలుపుగానే ఉంది. ఆయన దాని మీద ఉప్పు చల్లుకుని తినేశారు. నేను ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను.

మొదటి కంటికి కట్టు విప్పిన రోజు పక్కనే నిలబడ్డాను. ఆయన కిటికీ చూశారు, గోడ చూశారు, తర్వాత నన్ను చూశారు. చాలాసేపు చూశారు.

“ఏటండీ, అలా సూత్తన్నారు?”

“కళ్లు ఉబ్బిపోయున్నాయేటే? ఏడిసినావా?”

ఆ వేసవంతా ఆయన ఎదురుగా కూర్చునే, చప్పుడు చేయకుండా ఏడ్చాను. చూసి కూడా అడగడం లేదంటే మనసు ఇంకెక్కడో ఉందనుకున్నాను. ఆయన అడగడం అదే మొదటిసారి.