జేబెజ్ గోటి గుర్తు

ఈనక్ టనిక్లిఫ్ మా ఇంట్లో పదకొండేళ్లు అద్దెకున్నాడు. ఆ పదకొండేళ్లలో ఆయన వేడి టీ తాగడం నేను చూడలేదు. కప్పు ముందు పెట్టుకుని, ఆవిరి ఆగేదాకా చూసి, అప్పుడు ఎత్తేవాడు.

"ఆ చల్లనీళ్లేవో వాగులోంచే ముంచుకోవచ్చుగా, నా చేత పొయ్యి వెలిగించడం ఎందుకు?" అనేదాన్ని.

"నాకు తొందర లేదు పిల్లా."

నాకప్పటికి ముప్పై నాలుగేళ్లు. మొగుడు పోయి రెండేళ్లు. అయినా ఇంగ్లండులోని మా స్టాఫర్డ్‌షైర్ నుంచి వచ్చిన మగవాళ్లకు ఏ ఆడదైనా పిల్లే. నా పేరు హెప్సీ. ప్రింగిల్ గారి పింగాణీ కార్ఖానాలో కప్పులకు పిడులు అతికించేదాన్ని. ఈనక్ బట్టీ కాల్చేవాడు. మా కాలనీ ఊరు గ్లెన్ మార్‌లో మండే బట్టీ ఒక్కటే ఉండేది. సీసాలా మెడ సాగిన ఇటుక బట్టీ. దక్షిణపు గాలి వీచిన రోజు దాని పొగ మా బట్టల మీద, రొట్టె మీద, గొర్రెల మీద వాలేది.

ఇంగ్లండు నుంచి సముద్రం దాటి వచ్చేటప్పుడు మా వాళ్లు ఒక పద్ధతి వెంట తెచ్చుకున్నారు. కప్పు చేసినందుకు కూలి లేదు. బట్టీలోంచి చెక్కుచెదరకుండా బయటపడిన కప్పుకే కూలి. మంట ఎక్కువైనా, గాలి తగిలినా, మోసేవాడి చెయ్యి జారినా నష్టం చేసినవాడిదే. అందుకే ప్రతి ఒక్కరూ పచ్చి కప్పు అడుగున తన గుర్తు పెట్టుకునేవారు. ఒకరిది చుక్క. ఒకరిది గీత. కప్పులు బయటికి తీసే రోజు అందరూ బట్టీ ముందు నిలబడి అడుగులు తిప్పి చూసుకునేవారు.

ఈనక్ తమ్ముడు జేబెజ్ బొటనవేలి గోటితో మూడుసార్లు నొక్కేవాడట. చిన్నప్పుడు తలుపు సందులో పడి ఆ గోరు నడిమికి చీలింది. మళ్లీ అతుక్కోలేదు. అందుకని ఆ మూడు నెలవంకలకూ మధ్యలో చిన్న తెగు ఉండేది.

ఈ సంగతి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పాడు. నేను పెనం మీద ఓట్స్ అట్లు పోస్తున్నాను. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

అక్కడ, ఇంగ్లండులో, ఈనక్ పెద్ద బట్టీకి మేస్త్రీ. ఒకసారి సరుకు కొనేవాళ్లు వచ్చి కార్ఖానా గుమ్మంలో కూర్చున్నారు. చల్లారిందా అని యజమాని అడిగాడు. చల్లారలేదు. ఈనక్ చల్లారిందన్నాడు. తడి గోనెలు కప్పుకుని మనుషులు లోపలికి వెళ్లారు. జేబెజ్ వెళ్లనక్కర్లేదు. వాడు కప్పులు చేసేవాడు, మోసేవాడు కాదు. కానీ వారం రోజుల కూలి లోపల ఉంది. తన కప్పులు తనే తెచ్చుకుంటానన్నాడు. కప్పులు పేర్చిన మట్టి పెట్టె ఎత్తుకుని బయటికొచ్చాడు. కింద పెట్టాడు. నీళ్లు తాగాడు. మెట్టు మీద కూర్చుని, "మంచివెన్నో చూడరా అన్నయ్యా" అన్నాడు.

"చూశావా?" అన్నాను.

"ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నీ మంచివే. చెబుదామని తలెత్తాను. అప్పటికే పోయాడు."

అట్టు మాడింది. నేను పెనం దించాను.

*

ఆ తరువాత మూడేళ్లకు ప్రింగిల్ గారు కార్ఖానా పెంచాలనుకున్నారు. కొత్తగా మూడు బట్టీలు, మట్టి రుబ్బడానికి ఆవిరి యంత్రం. దానికి ఆరువేల పౌండ్లు కావాలి. ఆయన దగ్గర ఉన్నది నల్లకోటు, మంచి దస్తూరీ. ఏడాది పాటు డనీడన్ పట్నంలో డబ్బున్న వాళ్లందరికీ ఉత్తరాలు రాశారు. ఇంగ్లండు పింగాణీ ఓడల్లో దిగుతుంటే కాలనీ మట్టి కప్పు ఎవరు కొంటారని అందరూ మర్యాదగా తిరగ్గొట్టారు. చివరికి ఒక ఉన్ని వ్యాపారి వితంతువు, శ్రీమతి ఇస్‌బిస్టర్, వస్తానంది. ఆవిడ వాటా తీసుకుంటే తామూ తీసుకుంటామని ఇంకో ఇద్దరు పెద్దమనుషులు అన్నారు. ఆవిడది ఒకటే షరతు. ఇక్కడ కాల్చిన కప్పు ఇక్కడి బట్టీలోంచి బయటికి రావడం తన కళ్లతో చూడాలి.

శనివారం రావాల్సిన మనిషి, తను ఎక్కాల్సిన ఓడ ప్రయాణం ముందుకు జరిగిందని, గురువారమే వస్తున్నట్టు తంతి పంపింది. బట్టీలో మంట ఆర్పింది మంగళవారం సాయంత్రం.

బుధవారం పొద్దున ప్రింగిల్ గారు బట్టీ దగ్గరికి వచ్చారు.

"రేపు తెరవాలి ఈనక్."

"శనివారం, అయ్యగారూ."

"శనివారానికి ఆవిడ ఓడలో ఉంటుంది. నా మూడు బట్టీలూ ఆవిడ సంచీలో ఉంటాయి."

"ఇప్పుడు తెరిస్తే పగుల్తాయండి."

"నాలుగు కప్పులేగా."

"కప్పుల సంగతి కాదండీ."

ప్రింగిల్ గారు చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి అన్నారు. "ఈ డబ్బు రాకపోతే వచ్చే చలికాలం బొగ్గు కొనలేను. నలభై ఇళ్లు ఖాళీ అవుతాయి. అప్పుడు దేన్ని చల్లారుస్తూ కూర్చుంటావయ్యా?"

ఈనక్ మూసిన గుమ్మానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇటుకల వేడి చొక్కాలోంచి తగులుతూనే ఉండాలి. కదల్లేదు.

మధ్యాహ్నానికి ప్రింగిల్ గారే దారి వెతికారు. పెరట్లో పాత చిన్న బట్టీ ఉంది, వాడటం లేదు. కార్ఖానా పెట్టకముందు ఆయన ఇంగ్లండు పింగాణీ దింపి అమ్మేవారు. అమ్ముడుపోని పెట్టెలు అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. ఆ కప్పులు తీసి, మా మట్టి పెట్టెల్లో సర్ది, గోరువెచ్చని ఇటుకలు చుట్టూ పేర్చి గుమ్మం మూస్తే చాలు, ఇక్కడే కాల్చినట్టుంటుంది.

"ఒప్పుకుంటావా?" అని అడిగాను ఈనక్‌ని.

"చల్లటి బట్టీ. ఎవరికీ ఏమీ కాదు."

"అబద్ధం కదా."

"వేడి అబద్ధం ఒకటి చెప్పాను పిల్లా. ఇది నయం."

సర్దింది నేనూ ప్రింగిల్ గారూ. గడ్డి దులిపి, బూడిద రాసి, తొందర తొందరగా. అడుగులు చూడలేదు. ఈనక్ ఆ కప్పుల్ని ముట్టుకోలేదు. గుమ్మానికి ఇటుకలు పేర్చి, తడి మట్టి మెత్తి వెళ్లిపోయాడు.

*

గురువారం శ్రీమతి ఇస్‌బిస్టర్ నల్ల చేతి తొడుగులతో, బురద బూట్లతో వచ్చింది. పెద్దమనుషులు ఆవిడకు రెండడుగుల వెనక నిలబడ్డారు. ఈనక్ ఇటుకలు తీశాడు. మంగో అనే మోతగాడు మొదటి పెట్టె తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ తొడుగు విప్పి ఒక కప్పు తీసి, వేలితో మీటింది. మోగింది. బోర్లించి చూసింది.

"ఇవేమిటి? మూడు నెలవంకలు."

ప్రింగిల్ గారు ఏదో చెప్పబోయారు. ఈనక్ చెయ్యి చాచాడు. పనివాడు దొరసాని చేతిలోది అలా అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఇచ్చింది.

ఆయన చాలాసేపు చూశాడు. తన బొటనవేలు ఆ గుర్తు మీద ఆనించాడు. నేను ఇంకో కప్పు తిప్పాను. మూడు నెలవంకలు, మూడింటికీ మధ్యలో తెగు. ఇంకోటి తిప్పాను. అదే.

"నా తమ్ముడు చేసినవమ్మా" అన్నాడు ఈనక్.

"మీ తమ్ముడా! ఇక్కడే చేస్తాడా?"

"నన్ను వదిలి ఎక్కడికీ పోలేదండి."

"పిలవండి మరి, చూస్తాను."

"జనంలోకి రాడమ్మా. వేడి పడదు వాడికి."

"బట్టీ పనిచేసేవాడికి వేడి పడదా?" అని పెద్దమనుషుల్లో ఒకడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఈనక్ ముఖం చూస్తోంది. వితంతువు కదా, ఎంత తెలిసిందో నాకు తెలియదు.

"పనితనం బాగుంది. ప్రింగిల్ గారూ, కంపెనీ గుర్తు ఇదే పెట్టండి. నేను వాటా తీసుకుంటున్నాను" అంది. ఈనక్ వైపు తిరిగి, "మీ తమ్ముడికి ఏం కావాలి?" అంది.

"మూడు రోజులు నిండకుండా ఏ బట్టీ గుమ్మమూ పగలగొట్టకూడదు. నిండినా వాడు సరే అన్నాకే. కాగితం మీద రాయించండమ్మా."

రాయించింది. ప్రింగిల్ గారు సంతకం చేశారు. ఆ సిరా ఆరేదాకా కాగితం వైపు చూడలేకపోయారు.

*

డబ్బు వచ్చింది. బట్టీలు లేచాయి. ఆవిరి యంత్రం పగలంతా మట్టిని తొక్కేది. జేబెజ్ గుర్తును ఉక్కు ముద్రగా, తెగుతో సహా కోయించారు. పిడుల బల్ల నుంచి నన్ను తీసి ముద్రలు వేయడానికి కూర్చోబెట్టారు. రోజుకు ఎనిమిది వందల కప్పులు. మెత్తటి మట్టిలో ఆ చచ్చినవాడి గోరు ఎనిమిది వందల సార్లు దించేదాన్ని.

చిన్న బట్టీలోంచి వచ్చిన కప్పుల్లో పదకొండు ఈనక్ మా ఇంటికి తెచ్చుకున్నాడు. దక్షిణం కిటికీలో వరసగా పెట్టాడు. ఈ దేశంలో ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది, ఆ కిటికీకి తగలదు. దుమ్ము తుడవడానికి ఎత్తితే గోరువెచ్చగా ఉండేవి. మొదట్లో నా చేతుల్లోదే వేడి అనుకున్నాను. తరువాత తుడవడం మానేశాను.

కార్ఖానా వెనక పగిలిన కప్పుల గుట్ట పెరుగుతూ వచ్చింది. ప్రతి పెంకు మీదా ఆ గుర్తే. ఈనక్ ఆ దారిన నడవడం మానుకుని, చుట్టూ తిరిగి వాగు వైపు నుంచి వచ్చేవాడు.

"మెట్టు మీద కూర్చున్నవాణ్ణి లేపి పనిలో పెట్టాను" అన్నాడు ఒకసారి. "వాడి చేత ఇన్ని పగలగొట్టిస్తున్నాను."

ఏ బట్టీ అయినా మూడో రోజు నిండాక ఆయన గుమ్మం మీద అరచెయ్యి ఆనించేవాడు. "ఏరా, అయిందా?" అని అడిగి తల వంచి వినేవాడు. ఒక్కోసారి అయిందనేవాడు. ఒక్కోసారి రేపనేవాడు.

మంగోకి నోరు ఊరుకునేది కాదు. "మీ తమ్ముడికి కంపెనీలో ఎన్ని వాటాలిచ్చారేంటి మామా?"

"వాడి వాటా వాడు ముందే తీసుకున్నాడు."

ఆ మాట తరువాత మంగో ఎప్పుడూ వేళాకోళం చేయలేదు. ఈనక్ గుమ్మం మీద చెయ్యి పెట్టినప్పుడు టోపీ తీసేవాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ తీసేవారు. ఆ బట్టీల్లో ఎవరికీ ఒళ్లు కాలలేదు.

ఆ కాగితం రాసుకున్నాక ఏడో చలికాలం ఈనక్ ఛాతీ పట్టేసింది. మంచం పక్కన కూర్చుంటే నా బొటనవేలు పట్టుకున్నాడు.

"వాణ్ణి నీకప్పగిస్తున్నా పిల్లా."

"నేనేం చేయను ఈనక్?"

"అడుగు. వాడు అబద్ధం చెప్పడు. ఆ రోజు చెప్పింది నేను."

*

ఈనక్‌ని పాతిపెట్టిన నాలుగో రోజు. మూడో నంబరు బట్టీలో మంట ఆర్పి సరిగ్గా మూడు రోజులు నిండింది. రేవులో మెల్‌బోర్న్ ఓడ మా సరుకు కోసం ఆగి ఉంది. ప్రింగిల్ గారు గడియారం పట్టుకుని నిలబడ్డారు.

"రాసుకున్న మూడు రోజులూ అయ్యాయి. తీయండిరా."

ఎవరూ కదల్లేదు. మంగో గడ్డపార పట్టుకుని నా వైపు చూశాడు. నేను ముద్ర బల్ల మీద పెట్టి, ఆ తడి మట్టి చేతులతోనే వెళ్లాను. గుమ్మం మీద అరచెయ్యి ఆనించాను. ఇటుక చల్లగా ఉంది. శవంలా చల్లగా ఉంది. తెరవకపోవడానికి ఏ కారణమూ లేదు.

"జేబెజ్," అన్నాను, "అయిందా?"

ఎన్నడూ చూడని మనిషి. ఎలాంటి గొంతో తెలియదు. ఆవిరి యంత్రం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తరువాత బొటనవేలి గోటి కింద, చాలా చిన్నగా, ఏదో వెచ్చగా తగిలింది. మా కిటికీలో కప్పుల్లాగే.

"ఇవాళ కాదు" అన్నాను.

"ఎవరన్నారు?" అన్నారు ప్రింగిల్ గారు.

"జేబెజ్."

తన జీతాల పుస్తకంలో ఆ పేరు ఎన్నడూ లేదని ఆ పెరట్లో అందరికన్నా ఎక్కువ తెలిసింది ఆయనకే. గుమ్మం వైపు చూశారు. గడియారం మూసి జేబులో వేసుకున్నారు. టోపీ తీశారు.

మంగో గడ్డపార గోడకు ఆనించాడు. మెట్ల మీద కూర్చున్నాం. ఎవరో టీ తెచ్చారు. ఎవరూ ఎత్తలేదు. కప్పులు ముందు పెట్టుకుని, ఆవిరి ఆగేదాకా చూస్తూ ఉన్నాం.