తీసేసిన మాటల చోట

కరోనా తర్వాత స్టూడియోలు మళ్ళీ తెరుచుకున్న వేసవిలో, ఆబిడ్స్‌లోని ఒక రికార్డింగ్ స్టూడియోలో తెలుగు బైబిల్ మొత్తాన్ని ఆడియోగా తయారుచేసే పని నాకు అప్పగించారు. నేను అక్కడ సీనియర్ సౌండ్ ఎడిటర్‌ని. పదవీ విరమణకు ముందు చేసిన చివరి పెద్ద పని అదే. మాది హిమాయత్‌నగర్‌లో స్థిరపడిన హిందూ కుటుంబం. బైబిల్ గురించి నాకు తెలిసింది తక్కువ. పనికి అది అడ్డు రాలేదు. ఎడిటర్ వినవలసింది ఉచ్చారణ, ఊపిరి, విరామం.

ఇలాంటి పనిలో మొదటి నుంచి చివరిదాకా గొంతు ఒక్కటే ఉండాలి. మధ్యలో చదివే మనిషి మారితే అప్పటిదాకా చేసిందంతా పక్కన పెట్టవలసిందే. మాకు దొరికిన గొంతు ఆనంద్‌ది. నల్గొండ వైపు పల్లెలో కూలీల ఇంట పుట్టినవాడు. నాంపల్లిలో కిరాయికి ఉంటూ ఒక బడిలో తెలుగు చెప్పేవాడు. భార్య జబ్బుపడిన రోజుల్లో యేసు జీవితం చెప్పే సువార్తలు చదివి క్రైస్తవుడయ్యాడు. పాఠం సరిచూడడానికి సుగుణమ్మ టీచర్ వచ్చేవారు. తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఆనంద్ గాజు గదిలో చదువుతుంటే, ఆమె నా పక్కన కూర్చుని పుస్తకంలో వేలు పెట్టుకుని అక్షరం వెంట అక్షరం చూసుకునేవారు.

ఆ సువార్తలు ముందు పూర్తిచేశాం. తర్వాత పాత నిబంధన, అంటే ఆయనకు ముందే యూదులకు ఉన్న హెబ్రీ గ్రంథాలు. యుద్ధాల భాగంలోకి వచ్చాక ఒక మధ్యాహ్నం ఆనంద్ వాక్యం మధ్యలో ఆగిపోయాడు. దేవుడి ఆజ్ఞ అంటూ యూదుల పూర్వీకులు ఒక పట్టణాన్ని పట్టుకుని పిల్లాజెల్లా అందరినీ చంపిన ఘట్టం అది. హెడ్‌ఫోన్స్ తీసేసి బయటికి వచ్చాడు.

"నాతోని కాదు టీచర్. చిన్నప్పుడు భూమి పంచాయితీల మా గుడిసెలు కాలవెట్టిన్రు. ఆ పోరగాండ్ల ఏడుపు ఇంకా చెవులల్లనే ఉన్నది. నేను నమ్మిన యేసు గిట్లాంటోడు కాదు. మనకు సువార్తలు సాలు. గీ పాత పుస్తకం ఎందుకు?"

ఆనంద్ పని మానుకుంటాడేమోనని నాకు భయం వేసింది. టీచర్ మాత్రం వాదించలేదు. ఆనంద్ చదివిన మొదటి సువార్తలో యేసు పాత గ్రంథాల నుంచి తీసుకుని పలికిన మాటలను తొలగించి వినిపించగలరా అని నన్ను అడిగారు. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో పుస్తకంలో పెన్సిల్‌తో గీసి ఇచ్చారు.

అసలు రికార్డింగ్‌ను మేము ఎప్పుడూ ముట్టుకోం. నకలు మీదే కత్తిరిస్తాం. తీసిన చోటును ఖాళీగా వదలకుండా, ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే సన్నని నిశ్శబ్దాన్ని రికార్డు చేసి అక్కడ అతికిస్తాం. లేకపోతే వినేవాళ్ళకు శబ్దం తెగినట్టు తెలిసిపోతుంది. అలాగే చేసి మర్నాడు వినిపించాను.

అరణ్యంలో సాతాను యేసును మూడుసార్లు ఆశ చూపి శోధిస్తాడు. మూడుసార్లూ యేసు నుంచి జవాబు లేదు. ధర్మశాస్త్రంలో గొప్ప ఆజ్ఞ ఏదని ఒకతను అడుగుతాడు, దానికీ మౌనమే.

ఆనంద్ అక్కడ ఆపమన్నాడు. "ఈడ ఆయన జవాబు పొరుగువాణ్ణి ప్రేమించుమని గదా. అది ఆయన సొంత మాట కాదా?"

"కాదు బిడ్డా. నువ్వు వద్దంటున్న పుస్తకంలదే," అన్నారు టీచర్. "మిగతాది గూడ విను."

కథ సిలువ దగ్గరికి వచ్చింది. దేవుడు తనను ఎందుకు విడిచిపెట్టాడని యేసు వేసిన కేక పాత నిబంధనలోని కీర్తనల్లోదట. ఆ మాటలూ పోయాయి. చీకటి కమ్మిందన్న వాక్యం వినిపించింది, తర్వాత గది నిశ్శబ్దం. నేను అతికించిన నిశ్శబ్దమే అయినా నాకు కష్టంగా తోచింది.

"చావు ముంగటికొచ్చినప్పుడు ఆయన నోట్లకు వచ్చింది ఈ పాత మాటనే," అన్నారు టీచర్. "ఆయన్ను నమ్ముత, ఆయన నమ్ముకున్నదాన్ని నమ్మ అంటే ఎట్ల?"

"మరి గా చంపుడు సంగతి?"

"నాకు తెల్వదు. ఆ పేజీల నేను గూడ ఆగుత, ఇప్పటికీ. పెద్దలు చెప్పిన జవాబులు విన్న. ఒక్కటీ మనసుకు పట్టలేదు. గని కష్టమైన మాట ఉన్నదని పుస్తకాన్నే అవతల పడేస్తే, నీకు ఇష్టమైన మాటలు గూడ దాంతోనే పోతయి."

ఆనంద్ ఇంటికి వెళ్ళిపోయాడు. సోమవారం దాకా రాలేదు. వచ్చాక నాతో, "సదువుత మేడం. గా అధ్యాయం మాత్రం జర ఆఖరికి పెట్టుర్రి," అన్నాడు. అలాగే పెట్టాను.

వానాకాలంలో ఆ అధ్యాయం వంతు వచ్చింది. పిల్లల ప్రస్తావన దగ్గర ఆనంద్ గొంతు వణికింది. దాన్ని అలాగే ఉంచుదామనిపించింది నాకు. టీచర్ ఒప్పుకోలేదు. "వినేటోళ్లు నీ బాధ గాదు, అక్కడున్న మాట వినాలె. బాధపడుడా, కోపం చేసుడా అన్నది వాళ్ల ఇష్టం," అన్నారు. ఆనంద్ నీళ్ళు తాగి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాడు. ఈసారి గొంతు ఎక్కడా తొణకలేదు.

నేను క్రైస్తవం తీసుకోలేదు. ఆ అధ్యాయం నాకిప్పటికీ మింగుడుపడదు. అయితే క్రైస్తవులు పాత గ్రంథాలను మొహమాటానికి మోయడం లేదని, వాళ్ళ గురువు వాటి మీదే నిలబడి మాట్లాడాడని ఆ వేసవిలో తెలిసింది. వృత్తిపరంగా నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఒక భాగాన్ని తీసేయవచ్చో లేదో ఆ భాగం ఒక్కటే విని చెప్పలేం. దాన్ని తీసి, మిగిలింది మొత్తం వినాలి.