రెండో మైకు ఎవరడిగారు?

ఈ సంగతి ఇప్పటికి మూడు చోట్ల చెప్పుకున్నాను. ఒక్కచోట కూడా సరైన జవాబు రాలేదు. పబ్బులో పాటల కార్యక్రమం నడిపే కెవిన్‌కి మూడు ఈమెయిళ్ళు పెట్టాను. మొదటిదానికి మాత్రం ఫోన్లో మాట్లాడాడు. ఇక్కడి తెలుగు సంఘం పత్రికకు రాసి పంపితే, ఉగాది సంచికలో ఇలాంటివి బాగుండవని తిప్పి పంపారు. అదే సంఘం రెండేళ్ళ కిందట స్టేజీ మీద సొంత పాటలు వద్దు, సినిమా పాటలు పాడమని నాకు చెప్పింది. అదీ నేను మరిచిపోలేదు. ఇక లీడ్స్‌లో ఉన్న, నా పాత స్నేహితుడి భార్య లావణ్య గారికి వాట్సాప్‌లో ఆడియో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, మాట మాత్రం రాలేదు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. అద్దె ఇంట్లో చప్పుడైతే బాయిలర్ అనుకుని లాండ్‌లార్డ్‌కి ఉత్తరం రాసే మనిషిని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఇంగ్లండ్‌లో, లండన్ పక్కన స్లౌలో ఐటీ ఉద్యోగం చేస్తాను. ఆదివారం మధ్యాహ్నాలు గిటార్ తీసుకుని చుట్టుపక్కల పబ్బుల్లో నేను రాసుకున్న తెలుగు పాటలు పాడతాను. వినేవాళ్ళు పదిహేను, ఇరవై మంది. వాళ్ళలో తెలుగువాళ్ళు ఉండరు. బార్ మీద ఒక కాగితం పెడతారు. వచ్చిన వరుసలో పేరు రాసి, పక్కన పాడటానికి ఎన్ని మైకులు కావాలో అంకె వెయ్యాలి. మనిషికి ఒక పాట. కెవిన్ అన్నీ రికార్డు చేసి, మర్నాడు ఎవరి పాట వాళ్ళకి పంపుతాడు. ఎన్ని మైకులుంటే అన్ని ఫైళ్ళు వస్తాయి.

ఒకసారి నా పేరు మూడో స్థానంలో ఉంటే, కెవిన్ తన స్నేహితుల కోసం తొమ్మిదికి జరిపాడు. అప్పటినుంచి పేరు రాయగానే ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంటున్నాను. ఆ అలవాటుకి నవ్వినవాళ్ళున్నారు. ఇప్పుడు నా దగ్గరున్న గట్టి సాక్ష్యం అదే.

ఆ ఆదివారం నేను పాడిన పాట గురించి కొంచెం చెప్పాలి.

లీడ్స్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు నాకు రూమ్మేట్ రాజేందర్. వాళ్ళది కరీంనగర్, మాది ఒంగోలు. మొదటి చలికాలం ఇద్దరికీ కలిపి ఒకటే మందపాటి కోటు. ఎవరికి బయట పని ఉంటే వాళ్ళు, ఇద్దరికీ ఉంటే వంతులవారీగా వేసుకునేవాళ్ళం. ఆ కోటు మీద చాలా ఏళ్ళ తర్వాత నేనొక పాట కట్టాను. పల్లవి, రెండు చరణాలు. రాజేందర్‌కి పాటలంటే ప్రాణం. తనూ ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. అందుకని లీడ్స్ వెళ్ళి, వాళ్ళింట్లో పాడి వినిపించాను.

రెండో చరణంలో, కోటు ఎప్పుడూ అతనే తీసుకెళ్ళేవాడని, నేను వణికేవాణ్ణని రాశాను. అతను చివరిదాకా విన్నాడు.

"మొదటి చరణం మస్తుగుంది. ఇగ రెండోది పాట కాదు బై, నువ్వు కౌన్సిల్‌కు రాసే కంప్లయింట్ లెటర్."

అతని భార్య లావణ్య గారు వంటింట్లోంచి నవ్వారు.

"అబద్ధమేమన్నా రాశానా?" అన్నాను.

"అబద్ధమనలే. నీకు తెల్వంది ఉంటది గదా. గా చరణం తీసెయ్."

తీసేశాను. భోజనం చెయ్యకుండా రైలెక్కాను. ఆ తర్వాత ఆరేళ్ళు మాట్లాడలేదు. నా పాటని నా ఎదురుగా, భార్య ముందు తీసిపారేసిన మనిషి క్షమాపణ చెప్పాలని కూర్చున్నాను. ఒక రోజు అతని పేరు ఫోన్ మీద వెలిగింది. మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ ఉన్నాను. పది రోజులకి గుండెపోటుతో పోయాడని లావణ్య గారు మెసేజ్ పెట్టారు. నేను లీడ్స్ వెళ్ళలేదు. ఆ సంగతి దాచను.

రెండో చరణం మళ్ళీ రాయలేకపోయాను. ఎన్నిసార్లు కూర్చున్నా నోటికి ఫిర్యాదే వచ్చేది. అందుకని ఆ చోట మాటలు లేకుండా గిటార్ వాయించి, మళ్ళీ పల్లవి అందుకునేవాణ్ణి.

ఆ ఆదివారం జూన్ నెల, బాగా ఎండగా ఉంది. సగం మంది బయట తోటలో కూర్చున్నారు. నేను పేరు రాసి, పక్కన ఒకటి అని అంకె వేసి, ఫొటో తీసుకున్నాను. నా వంతు వచ్చేసరికి స్టేజీ మీద రెండు మైకులున్నాయి. నా ఎడమ పక్కన రెండోది, మనిషి నోటి ఎత్తులో. ముందు పాడిన జంటది వదిలేశారనుకున్నాను. తీయమని సైగ చేస్తే కెవిన్ బొటనవేలు పైకెత్తి నవ్వాడు. నన్ను పట్టించుకోకపోవడం అతనికి మామూలే. అలాగే పాడి దిగిపోయాను. పాడేటప్పుడు నా పక్కన ఎవరూ లేరు. నాకేమీ వినిపించలేదు.

మర్నాడు రెండు ఫైళ్ళు వచ్చాయి. మొదటిదాంట్లో నా గొంతు. రెండోదాంట్లో దూరంగా నా గిటారూ, గ్లాసుల చప్పుడూ. సరిగ్గా నేను మాటలు లేకుండా వాయించే చోట, మైకుకి దగ్గరగా ఒక మగ గొంతు అందుకుంది. నా వరసలోనే, తాళం తప్పకుండా, తెలుగులో.

*సలి లేదన్న, కోటు నీకు తొడిగిన*
*బస్టాపు దాక నిన్ను సాగదోలిన*
*బస్సు కదిలినంక చేతులు ఊదుకున్న*
*గీ ముచ్చట నీకు ఏనాడన్న చెప్పిన్నా*

తర్వాత నేను పల్లవి ఎత్తుకుంటాను. ఆ గొంతు ఆగిపోతుంది.

ఆ గొంతు రాజేందర్‌దేనని ప్రమాణం చెయ్యలేను. కొంచెం బొంగురుగా ఉంది, అతనిది అంత బొంగురు కాదు. కానీ ఆ చరణంలోని రోజు నాకు గుర్తుంది. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ. మంచు పడుతోంది. కోటు అతని వంతు. "నాకు సలి పెడ్తలేదు, నువ్వు తొడుక్కో" అని తనే బస్టాపుకి వచ్చాడు. నేను నమ్మాను. తర్వాత వారం రోజులు అతను జ్వరంతో పడుకుంటే, మేమిద్దరం పార్ట్‌టైం పని చేసే టేకవే హోటల్లో అతని షిఫ్టులు నా నెత్తిన పడ్డాయని విసుక్కున్నాను కూడా. ఆ ఉదయాన్నీ ఈ జ్వరాన్నీ ఆ చరణం వినేదాకా నేను కలిపి చూడలేదు. ఈ విషయం నేను ఎవరికీ చెప్పింది లేదు. నాకే తెలియనిది ఎలా చెబుతాను?

మొదట మాత్రం నాకు కోపమే వచ్చింది. ఎవరో నా రికార్డింగు పాడు చేశారని కెవిన్‌కి ఈమెయిల్ పెట్టాను. అతను ఫోన్ చేశాడు.

"పాడు చెయ్యడమేంటి మేట్? నీ ఫ్రెండేగా రెండో మైకు అడిగింది."

"ఏ ఫ్రెండు?"

"సన్నగా ఉన్నాడే, అతను. నీతోనే పాడతానన్నాడు. నేనే నీ పేరు పక్కన ఒకటి కొట్టేసి రెండు వేశాను."

"స్టేజీ మీద అతన్ని చూశావా?"

"నేను రికార్డింగ్ డెస్క్ దగ్గర తల వంచుకుని ఉన్నాను. వినిపించింది, అంతే. బార్ దగ్గర మాత్రం చూశాను. పాపం, అంత ఎండలో కూడా చేతులు ఊదుకుంటున్నాడు."

చరణంలో ఏముందో కెవిన్‌కి తెలియదు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. నేను చెప్పనూ లేదు. కాగితం అడిగితే పారేశానన్నాడు. నా ఫొటోలో మాత్రం నేను వేసిన ఒకటి అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం పబ్బులో ఇంకో తెలుగువాడు ఉన్నాడేమో, ఉంటే ఆ బస్టాపు సంగతి అతనికి ఎలా తెలిసిందో, నాకు అంతుపట్టలేదు. ఇప్పటికీ పట్టలేదు. ఆ నాలుగు పంక్తులూ నేను రాసినవాటికంటే మంచివి. అవి లేకుండా ఇక ఆ పాట పాడలేను. ఎవరివో తెలియకుండా అవి పాడనూలేను. అప్పటినుంచి గిటార్ పెట్టెలోనే ఉంది.

లావణ్య గారూ, రాజేందర్ నోటుబుక్కు మీ దగ్గరుంది. నా మీద మీకు కోపం ఉండటం న్యాయమే. కానీ ఆడియో మీరు విన్నారు. ఆ గొంతు ఎవరిదో నాకంటే మీకే బాగా తెలియాలి. నోటుబుక్కు తీసి చూడండి. ఆ చరణం అందులో ఉంటే ఉందని, లేకపోతే లేదని చెప్పండి. మెసేజ్ అక్కర్లేదు, నేనే ఫోన్ చేస్తాను. అతను చేసినప్పుడు నేను ఎత్తలేదు. మీరు ఎత్తండి.